ఆలస్యమైనా అందిన అనుగ్రహం

మేడ్చల్ నుంచి ఔటర్ రింగు రోడ్డుపై శామీర్‌పేట దాటి సాగితే కీసర వస్తుంది. ఆ ఊరి చెంత బండరాళ్ల నడుమ వెలసిన శైవక్షేత్రం కీసరగుట్ట. ఏటా మహాశివరాత్రికి ఇక్కడి రామలింగేశ్వరుణ్ని దర్శించేందుకు భక్తులు వేలాదిగా తరలివస్తారు.

రావణవధ అనంతరం బ్రహ్మహత్యాదోష నివారణార్థం శ్రీరాముడు ఈ కొండపై శివలింగాన్ని ప్రతిష్ఠించ సంకల్పించాడని స్థలపురాణం చెబుతోంది. లింగాన్ని తెమ్మని ఆంజనేయుణ్ని కాశీకి పంపాడు. ముహూర్తం సమీపించినా హనుమ రాలేదు. అంతట పరమశివుడే ప్రత్యక్షమై లింగాన్ని అనుగ్రహించగా ప్రతిష్ఠ పూర్తయింది. తరవాత నూటొక్క లింగాలతో వచ్చిన మారుతి, తన శ్రమ వృథా అయిందన్న ఆవేదనతో వాటిని నలుదిక్కులా విసిరివేశాడు. రాముడు ఆయనను ఓదార్చి, ఈ క్షేత్రంలో పూజా ప్రాధాన్యం నీదేనని, కొండ కేసరి తనయుడి పేరనే వెలుగొందుతుందని వరమిచ్చాడు. ఆ కేసరిగిరే కాలక్రమంలో కీసర అయింది.

నేడు వాహనాలు కొండ పైదాకా వెళ్తున్నాయి. దర్శనమూ త్వరగా ముగుస్తుంది. అయితే ఆలయం వెలుపల, ఆరుబయట బండల మధ్య ఉన్న శివలింగాలు నింపాదిగా నడిచేవారికే ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. వాటికి గోపురం లేదు, గర్భగుడి లేదు. వానచినుకులే అభిషేకం.

కొండనెక్కి దైవాన్ని వెతకడం మానవస్వభావంలోనే ఉంది కాబోలు. ఐర్లండ్ పశ్చిమాన 764 మీటర్ల ఎత్తున్న క్రో పాట్రిక్ శిఖరాన్ని క్రైస్తవ యాత్రికులు ఏటా జూలై చివరి ఆదివారం అధిరోహిస్తారు. జారే రాళ్లపై కొందరు పాదరక్షలు లేకుండానే నడుస్తారు. దేశమేదైనా, కాలికి తగిలే రాయి మనిషికి వినయం నేర్పుతుంది.

కీసరగుట్టపై ఒక బండ మీద ‘తొలచువాండ్రు’ అనే మాట చెక్కి ఉంది. రాతిని తొలిచేవారని దాని అర్థం. విష్ణుకుండినుల కాలం నాటి ఆ అక్షరాలను తెలంగాణలోని తొలి తెలుగు శాసనాల్లో ఒకటిగా పరిశోధకులు పరిగణిస్తారు. ఆ శిల్పుల పేర్లు మనకు తెలియవు. వారి పని మాత్రం నిలిచింది. అటువంటి బండలపై మన పేర్లు గీయకపోవడమూ శివసేవే.

ఉద్యోగం, పిల్లల చదువులు, ఇంటి బాధ్యతల నడుమ ఏళ్లు గడిచిపోతాయి. దైవం వైపు మనసు మళ్లేసరికి మోకాళ్లు సహకరించవు. ‘ఇంత ఆలస్యంగా వచ్చానే’ అన్న దిగులు ఎందరినో వేధిస్తుంది. ఆ దిగులు హనుమకే తప్పలేదు. ఆయన తెచ్చిన లింగాలు గర్భగుడికి చేరలేదు. అయినా ఏ ఒక్కటీ పూజకు దూరం కాలేదు. నడవగలిగినవారు ఉదయపు చల్లదనంలో నడిచి ఎక్కవచ్చు. నడవలేని పెద్దలు వాహనంలో వెళ్లినా లోటు లేదు. పైకి చేరాక ఆరుబయటి లింగాలలో ఒక్కదాని చెంత కాసేపు కూర్చుంటే చాలు. ఆలస్యంగా వచ్చినవాడికే అగ్రపూజ దక్కిన కొండ అది.