మీకు తెలుసా? రంపాన్ని పట్టే పైన్ జిగురు
మెదక్ పరిసర అడవుల్లో టేకు, నల్లమద్ది వంటి వెడల్పాకు చెట్లే పెరుగుతాయి కాబట్టి, మృదు కలప, అనగా పైన్ వంటి శంకువృక్షాల కలప, అక్కడి కోతమిల్లులకు హిమాలయాల నుంచో న్యూజిలాండ్ వంటి దేశాల నుంచో రావలసిందే. అందులోని రెసిన్, అంటే గాయమైనచోట చెట్టు స్రవించే జిగురు, రాపిడి వేడికి మెత్తబడి పొట్టుతో కలిసి రంపపు పళ్లపై పేరుకొని, చల్లారాక గట్టిపడడంతో, వేడి మరింత పెరిగి బ్యాండ్‌సా పట్టీ గీత తప్పుతుంది. మొద్దుబారిన పళ్లు కోయడానికి బదులు రుద్దుతాయి గనుక పదునే తొలి రక్షణ. ఆపై కోత సాగినంతసేపూ పట్టీపై సబ్బునీరు బొట్లుబొట్లుగా పడాలి. అప్పటికే పేరుకున్న జిగురును, యంత్రం ఆపి పట్టీ విప్పాక, నిప్పుకు దూరంగా టర్పెంటైన్‌తో తుడవవచ్చు. విశేషమేమంటే ఆ నూనె పైన్ జిగురును స్వేదనం చేయగా వచ్చినదే.