ముందు తల్లి కుదుటపడాలి

యుద్ధం నుంచి ప్రాణాలతో బయటపడ్డ పిల్లవాడికి ఏం కావాలి? తిండి, బట్ట, నీడ అంటాం. నాలుగోది మరొకటుంది. పక్కనున్న తల్లీ తండ్రీ స్తిమితంగా ఉండటం.

సిరియాలో 2011లో అంతర్యుద్ధం మొదలయింది. 2014 ఏప్రిల్ నాటికి పొరుగునున్న చిన్న దేశం లెబనాన్‌లో పేర్లు నమోదైన సిరియా కాందిశీకులే 10 లక్షలు దాటారు. చాలామంది బెకా లోయ పొలాల్లో గుడారాలు వేసుకున్నారు. కొందరు సగం కట్టిన ఇళ్ళలో తలదాచుకున్నారు. గుడారం వేసిన నేలకు కూడా అద్దె కట్టవలసి వచ్చేది.

ఇలా ఇల్లు వదిలిన పిల్లల్లో కొందరు పక్క తడుపుతారు. నిద్రలో కేకలు వేస్తారు. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతారు. ఏ జబ్బూ లేకుండానే కడుపునొప్పి అంటారు. ఇదంతా బాంబుల భయమే అనుకుంటాం. అది సగమే నిజం. అద్దె, అప్పు, దొరకని పని రోజూ పెద్దవాళ్ళను నలిపేస్తాయి. నలిగిపోయిన తండ్రి చిన్న తప్పుకే చెయ్యి చేసుకుంటాడు. తల్లి పలకరించటం మానేస్తుంది. పసివాళ్ళు పెద్దల ముఖం చూసి, గొంతు విని అపాయం ఉందో లేదో తెలుసుకుంటారు. అందుకే యుద్ధం వెనకబడ్డా భయం గుడారంలోనే ఉండిపోతుంది.

ఈ సంగతి గ్రహించిన 'వార్ చైల్డ్' అనే సంస్థ లెబనాన్‌లోని సిరియా తల్లిదండ్రులకోసం 9 సమావేశాల కార్యక్రమం నడిపింది. తల్లులకు వేరుగా, తండ్రులకు వేరుగా. మొదటి 4 సమావేశాలూ పెద్దవాళ్ళ మనసు కోసమే. దిగులును, కోపాన్ని, అయినవాళ్ళను పోగొట్టుకున్న దుఃఖాన్ని తట్టుకోవటం ఎలాగో నేర్పారు. పిల్లల పెంపకం సంగతి ఆ తరవాతే. నేర్పినవాళ్ళు డాక్టర్లు కారు, తర్ఫీదు పొందిన మామూలు మనుషులు. తొలి పరీక్షలో తల్లిదండ్రుల ఒత్తిడి తగ్గింది, కసురుకోవటం తగ్గింది, పిల్లలూ తేరుకున్నట్లు కనిపించింది.

2024 డిసెంబరులో సిరియా ప్రభుత్వం కూలాక ఎన్నో కుటుంబాలు తిరుగుముఖం పట్టాయి. కూలిన ఇంటికి చేరినా ఈ అవసరం తీరదు.

ఇల్లు వదిలిన ఏ కుటుంబమైనా పాటించదగినవి కొన్ని ఉన్నాయి. కోపం పొంగినప్పుడు నెమ్మదిగా ఊపిరి పీల్చి, ఇంకా నెమ్మదిగా వదలండి. అన్నం, నిద్ర, చదువు రోజూ ఒకే వేళకు జరగనివ్వండి. పక్క తడిపితే కొట్టవద్దు, నలుగురిలో చెప్పవద్దు. జరిగింది చెప్పమని బలవంతపెట్టకండి. వాళ్ళంతట వాళ్ళే అడిగితే వయసుకు తగినట్లు నిజం చెప్పండి. యుద్ధం ఆట ఆడినా కంగారుపడకండి, మనసులో భారం అలా దించుకుంటారు. తల్లి ఏడవకూడదని కాదు. ఏడ్చిన తరవాత బిడ్డను దగ్గరకు తీసుకుని "నీవల్ల కాదమ్మా" అని చెప్పాలి.

చాలామంది పిల్లలు మందులు లేకుండానే తేరుకుంటారు. నెల దాటినా తగ్గకపోయినా, తిండి మానేసినా మానసిక వైద్యుడికి చూపించాలి. చచ్చిపోతానంటే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

అలాంటి కుటుంబం మీ పక్కింట్లో దిగితే పిల్లలకు బిస్కెట్లు ఇచ్చి ఊరుకోకండి. వాళ్ళను ఓ గంట మీ ఇంట్లో ఆడించండి. ఆ గంటసేపు తల్లి కన్ను మూస్తే, బిడ్డకు అంతకు మించిన మందు లేదు.