అగ్గిపెట్టె తెలిసిన ఊరికి ఓడ పాఠం

కోవిల్‌పట్టిలోనో, విరుదునగర్ జిల్లా సాత్తూరు, శివకాశి వైపో పెరిగే మన పిల్లలకు అగ్గిపెట్టె గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. చాలా ఇళ్లలో అమ్మో అమ్మమ్మో ఆ పని చేసినవాళ్లే. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, పెట్టె పక్క పట్టీలో ఎర్ర భాస్వరం. రెండూ విడిగా ఉన్నంతసేపూ గొడవ లేదు, రాసుకుంటేనే మంట. 'సేఫ్టీ' అనే పేరు వచ్చింది ఆ ఎడం వల్లనే.

ఓడలో సరుకు సర్దేదీ ఇదే లెక్కన. కలిస్తే ముప్పు తెచ్చే వాటిని దూరంగా పెట్టాలి. ఇందుకు ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ నియమావళి ఉంది, 2004 జనవరి 1 నుంచి అది తప్పనిసరి. అందులో సేఫ్టీ అగ్గిపుల్లల సంఖ్య 1944, వర్గం 4.1. లిథియం అయాన్ బ్యాటరీలకు 3480, వర్గం 9. ఏ పెట్టె ఎక్కడ ఉండాలో, దేని పక్కన ఉండకూడదో ఆ సంఖ్యను చూసే నిర్ణయిస్తారు. కాగితం మీద సంఖ్య తప్పితే ఓడ కెప్టెన్ ఎంత అనుభవజ్ఞుడైనా కళ్లకు గంతలు కట్టినట్టే.

తూత్తుకుడికి ఎదురుగా ఉన్న శ్రీలంక తీరంలోనే 2021 మేలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అంటుకుంది. అందులో 1,486 కంటైనర్లు. ఒకదాని నుంచి నత్రికామ్లం కారుతోందని ముందే తెలిసినా, దారిలో రెండు రేవులు దాన్ని దించుకోలేదు. ఓడ మునిగింది, ప్లాస్టిక్ గుళికలు తీరమంతా కొట్టుకొచ్చాయి. 2025 జూన్ 9న కేరళ తీరానికి దూరంగా వాన్ హై 503 తగలబడింది. 22 మంది సిబ్బందిలో 18 మందినే కాపాడగలిగారు.

బ్యాటరీ ఎందుకంత మొండిదో సైన్సు టీచర్లు ఇట్టే చెప్పగలరు. వెలిగే కొవ్వొత్తి మీద గ్లాసు బోర్లిస్తే గాలి అందక ఆరిపోతుంది. ఓడ అరల్లోకి కార్బన్ డయాక్సైడ్ వదిలేదీ అందుకే. కానీ మన అగ్గిపుల్ల తలలోని క్లోరేట్ ఆక్సిజన్‌ను తనలోనే దాచుకుంటుంది. లిథియం బ్యాటరీ కూడా బాగా వేడెక్కితే లోపలి పదార్థం నుంచే కొంత ఆక్సిజన్ వదులుతుంది. పైగా ఒక సెల్ వేడి పక్క సెల్‌ను రాజేస్తుంది. మంట ఆరిందనుకున్నాక మళ్లీ లేస్తుంది. గాలి ఆపితే చాలదు, నీళ్లతో చల్లబరచాలి, అదీ చాలాసేపు.

ఇది దూరపు సంగతి కాదు. 2025 ఆగస్టులో తూత్తుకుడిలోనే విన్‌ఫాస్ట్ విద్యుత్ కార్ల కర్మాగారం మొదలైంది. లిథియం అయాన్ బ్యాటరీతో నడిచే వాహనాలకు కొత్తగా 3556 అనే సంఖ్య ఇచ్చారు, 2026 నుంచి ఓడల్లో అదే తప్పనిసరి.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి సముద్రమార్గంలో పార్సెల్ పంపుతాం. పచ్చళ్లు, కోవిల్‌పట్టి కడలమిఠాయి, బట్టల మడతల మధ్య ఒక పవర్‌బ్యాంక్. 'చెబితే తీసుకోరు' అని చెప్పకుండా కట్టేస్తాం. తీసుకోకపోతే పోయిందేముంది, అక్కడే కొనుక్కుంటాడు! పంపక తప్పదంటే ముందే చెప్పండి. ఉబ్బినదీ, కిందపడి సొట్టపోయినదీ మాత్రం పెట్టొద్దు. కంటైనర్ తలుపు మూశాక ఆ మూటలో ఏముందో ఓడలో ఎవరికీ తెలియదు.