బొప్పాయి పాలు... మలేరియా పళ్లు!

ముదురు మటన్ తెచ్చారా? కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసినా ముక్క సాగుతూనే ఉందా? హైదరాబాదీ వంటవాళ్లనడగండి. మాంసం నానబెట్టేటప్పుడే కాస్త పచ్చి బొప్పాయి ముద్ద పట్టించమంటారు. మరీ ఎక్కువసేపు ఉంచితే మాత్రం ముక్క మిగలదు, గుజ్జయిపోతుంది.

ఆ మహిమంతా పచ్చికాయను గీరగానే కారే తెల్లటి పాలది. అందులోని ఎంజైమే పపైన్. 1879లో పెట్టిన పేరది. 212 అమైనో ఆమ్లాలు గుచ్చిన గొలుసు. అందులో 25వ పూస సిస్టీన్. దాని కొసనున్న గంధకం పరమాణువే అసలు కత్తి! మాంసకృత్తులు తగిలితే పుటుక్కున తెంపేస్తుంది. ఇలాంటివాటినే సిస్టీన్ ప్రోటీనేజ్‌లంటారు. అనాసలోని బ్రొమెలైన్, అంజూరపాలలోని ఫిసిన్ దీని చుట్టాలే. జెలటిన్‌తో చేసే జెల్లీలో తాజా అనాస వేస్తే అది గట్టిపడదు. డబ్బాలో వచ్చే ముక్కలు వేస్తే చక్కగా గట్టిపడుతుంది. డబ్బాకెక్కించేటప్పుడు తగిలే వేడికి ఎంజైమ్ పని అయిపోతుంది మరి!

చెట్టుకెందుకు కత్తి?

మన కూరలో మటన్ ఉడకడానికైతే బొప్పాయి చెట్టు ఈ పాలు తయారుచేసుకోదు కదా. మరెందుకు? 2004లో జపాన్ శాస్త్రవేత్త కొటారో కొన్నో బృందం ఈ ముడి విప్పింది. వాళ్లు బొప్పాయి ఆకుల్ని గొంగళిపురుగులకు మేత వేశారు. వాటిలో రెండు మన రైతులకు బాగా తెలిసినవే... ఆముదం ఆకులు మేసే ఎరి పట్టుపురుగు, పంటల్ని నమిలేసే పొగాకు లద్దెపురుగు. బొప్పాయి ఆకు వాటి పాలిట విషమైంది. అదే ఆకును సన్నగా కోసి, పాలు పోయేలా కడిగి పెడితే హాయిగా తిన్నాయి. కడగకుండా, పైన ఈ-64 అనే పదార్థం పూసి పెట్టినా అంతే! ఈ-64 ఒక బూజు నుంచి 1978లో జపాన్‌లోనే దొరికిన రసాయనం. సిస్టీన్ ప్రోటీనేజ్‌ల గంధకాన్ని పట్టుకుని కదలనివ్వకుండా చేయడమే దాని పని. కత్తిని కట్టేస్తే ఆకులో విషమే లేదన్నమాట.

అదే కత్తి శత్రువు చేతిలో

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది మన రక్తంలో చేరాక ఏం తిని బతుకుతుందో తేలడానికి చాలా దశాబ్దాలు పట్టింది. తినేది మన హిమోగ్లోబిన్నే! ఎర్ర రక్తకణంలో దూరి, అందులోని హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా అరగదీసుకుంటుంది. ఆ జీర్ణక్రియలో ముఖ్యమైన కత్తుల పేరు ఫాల్సిపైన్‌లు. పేరులోనే చుట్టరికం కనిపిస్తోంది కదా... పపైన్ వంశమే. ప్రయోగశాలలో ఈ పరాన్నజీవులకు కూడా ఈ-64 తగిలించి చూశారు. కత్తులు పనిచేయక, అరగని హిమోగ్లోబిన్‌తో వాటి పొట్టసంచి ఉబ్బిపోయింది!

జిగట విరేచనాలు తెచ్చిపెట్టే అమీబా కథా ఇలాంటిదే. పేగు గోడను కాపాడే జిగురుపొరను అది ఈ జాతి ఎంజైమ్‌లతోనే కోసుకుంటూ లోపలికి చొరబడుతుంది.

మరి కత్తిని కట్టేసే మందు తయారుచేస్తే సరిపోదా? చిక్కంతా అక్కడే ఉంది. మన ఒంట్లోనూ ఇవే కత్తులున్నాయి, కెథెప్సిన్‌ల పేరుతో. పాత మాంసకృత్తుల్ని విడగొట్టడానికీ, ఎముకలు ఎప్పటికప్పుడు కరిగి కొత్తగా కట్టుకోవడానికీ అవి కావాలి. పరాన్నజీవి కత్తిని మాత్రమే పట్టుకుని మనదాన్ని వదిలేసే మందు చేయడం అంత తేలిక కాదు. బోలు ఎముకల జబ్బుకని మెర్క్ కంపెనీ తయారుచేసిన ఒడనకాటిబ్ పని మన కెథెప్సిన్‌నే అడ్డుకోవడం. ఎముకలకు మేలే జరిగింది. కానీ పక్షవాతం ముప్పు పెరుగుతోందని తేలడంతో 2016లో దాన్ని పక్కన పెట్టేశారు.

ఇందులోనే ఒక తమాషా ఉంది. పేగుల్లో చేరే ఏలికపాముల్లాంటి పురుగుల పైతొడుగు కూడా మాంసకృత్తులతో అల్లిందే. బొప్పాయి ఎంజైమ్‌లు ఆ తొడుగును కొరికేస్తాయని బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఎలుకల్లో ప్రయోగాలు చేసి చూపించారు. పురుగులకు బొప్పాయి వాడే నాటువైద్యం చాలా దేశాల్లో పాతదే.

అలాగని పిల్లలకు బొప్పాయి పాలు పట్టించేరు! కీటకం పొట్టనే పాడుచేసేవి మన నోటినీ గొంతునూ ఊరికే వదలవు. చర్మానికి తగిలినా మంటపెడతాయి. నులిపురుగులకు ఆల్బెండజోల్ ఉండనే ఉంది. 2015లో మొదలైన జాతీయ నులిపురుగుల నిర్మూలన దినం నాడు బడుల్లో, అంగన్‌వాడీల్లో ఉచితంగా ఇస్తారు. నమిలి మింగాల్సిన మాత్ర అది. పిల్లలు నమిలారో, బుగ్గన పెట్టుకుని ఊసేశారో అడిగి తెలుసుకోండి.