దాచుకుని విన్న పాట

(టొరాంటో తెలుగు రేడియో కార్యక్రమంలో ఒక ఆదివారం ఉదయం ప్రసారమైన ప్రసంగం ఇది. శ్రోతలు అడిగినందువల్ల ఇక్కడ ప్రచురిస్తున్నాం. మాట్లాడిన తీరు మార్చలేదు.)



ఘంటసాల గారి గురించో, త్యాగరాజ కీర్తనల గురించో చెబుతానని అనుకున్నవాళ్ళు నన్ను క్షమించాలి. ఈ వేళ మాట్లాడబోయేది బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ గురించి. రేడియో కట్టెయ్యకండి, ఓ పది నిమిషాలు ఓపిక పట్టండి.

2000 జనవరి. మేము మిస్సిసాగాలో ఉండేవాళ్ళం, నా ఆఫీసు స్కార్‌బరోలో. 401 హైవే మీద మంచు పడుతోంది, కార్లు నత్తల్లా కదులుతున్నాయి. వెనక సీటులో మా అమ్మాయి మర్చిపోయిన క్యాసెట్ ఒకటి కనిపించింది. దాని మీద గుండ్రటి అక్షరాలతో "తెలుగు బడి పద్యాలు" అని రాసుంది. పన్నెండేళ్ళ పిల్ల, ఎంత శ్రద్ధో అని మురిసిపోయి, వేమన పద్యాలు వస్తాయనుకుని పెట్టాను. వచ్చినవి వేమన పద్యాలు కావు. అయిదుగురు కుర్రాళ్ళు గొంతులు కలిపి పాడుతున్న "ఐ వాంట్ ఇట్ దట్ వే".

తీసెయ్యాలని చెయ్యి పెట్టాను, తియ్యలేదు. ఆఫీసు చేరేసరికి ఆ పాట మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. పార్కింగులో కూడా పాట అయ్యేదాకా అద్దాలెత్తుకుని కూర్చున్నాను. మా ఆఫీసులో ఆయన ఒకాయన అద్దం మీద తట్టేసరికి చటుక్కున కట్టేసి, వార్తలు వింటున్నానని అబద్ధం కూడా చెప్పాను.

దీన్నే ఇంగ్లీషులో గిల్టీ ప్లెజర్ అంటారు. మన భాషలో దానికి ఒక్క మాట లేదు గానీ, పైకి చెప్పుకోలేని ఇష్టం అనుకోవచ్చు. ఏకాదశి నాడు వంటింట్లో చాటుగా పకోడీ నోట్లో వేసుకోవడం లాంటిది. రుచికేం లోటుండదు. ఎవరైనా చూస్తారేమోనన్నదే బాధ.

ఇంతకీ ఆ కుర్రాళ్ళ పాటంటే సిగ్గెందుకు? వాళ్ళు స్నేహితులై, గ్యారేజీలో గిటార్లు వాయించుకుంటూ పైకొచ్చినవాళ్ళు కారు. ఫ్లోరిడా రాష్ట్రం ఓర్లాండోలో లూ పర్ల్‌మన్ అనే ఆయన విమానాలు అద్దెకిచ్చే వ్యాపారం చేసేవాడు. న్యూ కిడ్స్ ఆన్ ది బ్లాక్ అనే కుర్రాళ్ళ బృందం సంపాదన చూసి ఆయనకు ఆశ పుట్టింది. పేపర్లో ప్రకటన ఇచ్చి, పాడించి, ఆడించి, 1993లో అయిదుగురిని జతచేశాడు. అందరిలో చిన్నవాడు నిక్ కార్టర్‌కి పదమూడేళ్ళు, పెద్దవాడు కెవిన్ రిచర్డ్‌సన్‌కి ఇరవై ఒకటి. ఒకడు ముద్దొచ్చే చిన్నవాడు, ఒకడు అల్లరివాడు, ఒకడు పెద్దన్నలాంటివాడు. అయిదుగురు అమ్మాయిలు ఒక గదిలో ఉంటే అయిదుగురికీ తలో అభిమాన నటుడు దొరికే ఏర్పాటన్నమాట. బృందం పేరు కూడా ఓర్లాండోలో ఉన్న ఒక సంత పేరే. మొదటి ప్రదర్శన సీ వరల్డ్‌లో.

పాటలు మాత్రం ఫ్లోరిడావి కావు, స్వీడన్‌వి. స్టాక్‌హోమ్ నగరంలో షెయిరాన్ అనే స్టూడియో ఉండేది. అక్కడ డెనిజ్ పాప్, ఆయన శిష్యుడు మ్యాక్స్ మార్టిన్ కలిసి పాటలు తయారుచేసేవారు. వీళ్ళ పద్ధతి మన సినిమా పాట తెలిసినవాళ్ళకి సులువుగా అర్థమవుతుంది. ముందు బాణీ, తరవాత మాట. సంగీత దర్శకుడు తననా తననా అని వినిపిస్తే, ఆ కొలతకి సరిపడే మాట కవి వెతుక్కోవడం మనకి కొత్తా? మ్యాక్స్ మార్టిన్ దగ్గర కూడా మాట అర్థం కన్నా దాని చప్పుడుకే పెద్దపీట. అందుకే "ఐ వాంట్ ఇట్ దట్ వే" పాటలో ఆ "అలా" అంటే ఎలాగో నిలదీసి అడిగితే చెప్పడం కష్టం. రికార్డు కంపెనీ వాళ్ళకి ఈ అనుమానమే వచ్చింది. అర్థం కుదిరేలా ఇంకో పాఠం రాయించి రికార్డు కూడా చేశారు. అది విన్నాక, అర్థం లేని పాతదే బాగుందని బృందం పట్టుబట్టి దాన్నే ఉంచింది. ఆ పాట ఉన్న "మిలీనియం" ఆల్బం 1999 మేలో వచ్చి, అమెరికాలో మొదటి వారంలోనే 11 లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

మన కెనడాకి ఈ కథలో చోటుంది. వీళ్ళని మొదట్లో అమెరికాలో ఎవరూ పట్టించుకోలేదు. పేరు ముందు జర్మనీలో వచ్చింది, ఆ తరవాత క్యూబెక్‌లో, కెనడా అంతటా. 1996లో వచ్చిన మొదటి ఆల్బం ఇక్కడి పిల్లలు వింటున్నప్పటికి అమెరికాలో విడుదలే కాలేదు. అక్కడ 1997లో వచ్చింది. ఇక టొరాంటోలో క్వీన్ స్ట్రీట్ మీద మచ్ మ్యూజిక్ ఛానల్ స్టూడియో ఉండేది. వీధిలోకి పెద్ద పెద్ద అద్దాలు. లోపల ఏ బృందమైనా ఉందంటే చాలు, బయట పేవ్‌మెంటు మీద అట్టలు పట్టుకున్న ఆడపిల్లలు. చలీ పట్టేది కాదు, వానా పట్టేది కాదు. ఆ అరుపులు టీవీలో చూసి మనలాంటి తండ్రులు తలలు పట్టుకునేవారు.

ఇప్పుడు ఆ క్యాసెట్ మీద "తెలుగు బడి పద్యాలు" అని ఎందుకుందో చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంటుంది.

1999 దసరాకి మా ఇంటికి పదిహేనుమంది భోజనాలకి వచ్చారు. మా అమ్మాయి గదిలో గోడ మీద ఆ అయిదుగురి పోస్టరు ఉండేది. వచ్చినవాళ్ళలో ఒకావిడ, "అన్నయ్యగారూ, ఎవరండీ వీళ్ళు?" అంది. నాకు హుషారొచ్చింది. "ఫ్యాక్టరీలో చేసిన బొమ్మలమ్మా, కీ ఇస్తే పాడతాయి" అన్నాను. అంతటితో ఊరుకోకుండా, గొంతు సన్నగా చేసి, చేతులూపుతూ వాళ్ళలాగా పాడి చూపించాను. అందరూ పడీపడీ నవ్వారు. మా అమ్మాయి పులిహోర పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నవ్వలేదు. మర్నాడు చూస్తే గోడ మీద పోస్టరు లేదు. ఎందుకు తీశావని నేను అడగలేదు. పిల్లకి బుద్ధొచ్చిందనే అనుకున్నాను.

తరవాత మూడు నెలలకి ఆ క్యాసెట్ నా చేతికి దొరికింది. ఇచ్చెయ్యొచ్చు గదా? ఇవ్వలేదు. ఇస్తే, విన్నానని ఒప్పుకోవాలి. తను కూడా అడగలేదు. అడిగితే, పద్యాల క్యాసెట్ కోసం ఇంత గొడవేమిటని నేనంటానని భయం. అలా అయిదేళ్ళపాటు ఆ క్యాసెట్ నా కారు డాష్‌బోర్డులోనే ఉండిపోయింది. ఒకే పాట ఇష్టపడ్డ తండ్రీ కూతుళ్ళం ఒకరికి తెలియకుండా ఒకరం దాక్కున్నాం.

నిజానికి ఈ దాగుడుమూతలు నాకు కొత్త కావు. 1979లో నేను విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. "వేటగాడు" సినిమా వచ్చింది. అందులో రామారావు, శ్రీదేవిల వానపాట గుర్తుంది గదా? చక్రవర్తి సంగీతం. మా నాన్న తెలుగు మాష్టారు. ఆ పాట రేడియోలో వస్తే, "ఇదీ ఒక పాటేనా, భాషకి పట్టిన చీడ" అని లేచి కట్టేసేవారు. నేను ఆయన ముందు తలాడించి, సాయంత్రం సోడా కొట్టు దగ్గర నిలబడి వినేవాణ్ణి. మరుసటి ఏడాది "శంకరాభరణం" వచ్చింది. మా నాన్న మూడుసార్లు చూశారు, ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నారు. వానపాట రాసింది వేటూరి సుందరరామమూర్తి గారు. శంకరుడి మీద ఆ పాటలు రాసిందీ ఆయనే. వానలో పాడిందీ బాలసుబ్రహ్మణ్యం గారే, శంకరశాస్త్రికి పాడి జాతీయ బహుమతి తెచ్చుకుందీ ఆయనే. నేను ఈ మాట ఆనాడు మా నాన్నతో అనలేకపోయాను. ఆయన ఇప్పుడు లేరు.

మరి అమ్మకం కోసం చేసిన సరుకు మీద కోపం తప్పా అంటారేమో. తప్పు కాదు. కాకపోతే కోపం ఎవరి మీదో చూసుకోవాలి. పర్ల్‌మన్ ఆ కుర్రాళ్ళ సంపాదనలో మేనేజరు వాటా తీసుకుని, అది చాలక తానే ఆరో సభ్యుణ్ణని ఇంకో వాటా కూడా తీసుకునేవాడు. సంగతి తెలిసి వాళ్ళు కోర్టుకెక్కి బయటపడ్డారు. తరవాత తేలిందేమిటంటే, ఆయన జనం దగ్గర పెట్టుబడుల పేరుతో 30 కోట్ల డాలర్లకు పైగా ముంచాడు. 2008లో 25 ఏళ్ళ శిక్ష పడింది, 2016లో జైల్లోనే పోయాడు. కోప్పడాల్సింది అక్కడ. మనం మాత్రం ఏ పాపమూ ఎరగని పాటనీ, దాన్ని విన్న పన్నెండేళ్ళ పిల్లనీ వెక్కిరిస్తాం.

ఈ వెక్కిరింత ఎంతదూరం పోతుందో టొరాంటో కళ్ళారా చూసింది. 2003లో సార్స్ జబ్బు దెబ్బకి ఊరు దిగాలుపడితే, జులై 30న డౌన్స్‌వ్యూ పార్కులో పెద్ద కచేరీ పెట్టారు. సుమారు నాలుగున్నర లక్షల మంది వచ్చారు. రోలింగ్ స్టోన్స్, ఏసీ డీసీ, మన రష్ లాంటి రాక్ బృందాల మధ్య జస్టిన్ టింబర్‌లేక్ కూడా పాడాడు. అతనూ పర్ల్‌మన్ తయారుచేసిన ఎన్‌సింక్ బృందం నుంచి వచ్చినవాడే. జనం అతని మీదికి నీళ్ళ సీసాలు విసిరారు. సాయంత్రం రోలింగ్ స్టోన్స్ వాళ్ళు అతన్ని తమతో పాడ్డానికి పిలిచారు. అప్పుడూ సీసాలు పడుతుంటే కీత్ రిచర్డ్స్ ముందుకొచ్చి జనాన్ని గదమాయించాల్సి వచ్చింది. అరవయ్యో పడికి చేరువైన రాక్ మహానుభావుడికి లేని అభ్యంతరం ఆ జనానికి ఎందుకు?

టొరాంటోలోనే ఉండే కార్ల్ విల్సన్ అనే సంగీత విమర్శకుడు ఈ ప్రశ్న మీద 2007లో చిన్న పుస్తకం రాశాడు, సెలిన్ డియాన్ మీద. ఆయనకి సెలిన్ పాటంటే ఒళ్ళుమంట. ఇంతమందికి నచ్చేది నాకెందుకు నచ్చదని బయల్దేరి, ఆమె అభిమానులతో కూర్చుని మాట్లాడాడు. పియేర్ బూర్దియూ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1979లో చెప్పిన మాట ఆయనకి అక్కరకొచ్చింది. మన అభిరుచి అని మనం గొప్పగా చెప్పుకునేది చాలావరకు, నేను ఫలానావాళ్ళలాంటివాణ్ణి కాను అని పక్కవాళ్ళకి చెప్పుకోవడమేనట. ఆ దసరానాడు నేను చేసింది అదే. వచ్చినవాళ్ళ ముందు నేను ఘంటసాల వినే మనిషినని చాటుకోవాలి. అందుకు నా కూతురి గోడ వాడుకున్నాను.

2005లో మా అమ్మాయి వాటర్లూ యూనివర్సిటీకి వెళుతూ గది సర్దుకుంటుంటే, బూట్ల పెట్టె ఒకటి బయటపడింది. అందులో మడతపెట్టిన ఆ పోస్టరు, దాని కింద ఇంకో క్యాసెట్. మీద "సైన్స్ నోట్స్" అని ఇంగ్లీషులో రాసుంది. ఏమిటని అడిగాను. అది "తొలిప్రేమ" పాటల క్యాసెట్. ఇండియా వెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మమ్మ కొనిపెట్టింది. స్కూల్లో స్నేహితులు ఎక్కడ చూసి నవ్వుతారోనని ఆ పేరు రాసుకుందట.

అక్కడే మంచం మీద కూలబడ్డాను. తెలుగు పాట స్కూలుకి తెలియకుండా, ఇంగ్లీషు పాట నాకు తెలియకుండా. పిల్లలు తెలుగంటే సిగ్గుపడుతున్నారని మనం ప్రతి సమావేశంలోనూ మొత్తుకుంటాం గదా? ఇష్టమైనదాన్ని దాచుకోవడం వాళ్ళకి బయటివాళ్ళే నేర్పారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇంట్లో నేనూ నేర్పాను.

కారులోకి వెళ్ళి ఆ పద్యాల క్యాసెట్ తెచ్చి చేతిలో పెట్టాను. "నాన్నా! ఇది నీ దగ్గరుందా ఇన్నాళ్ళూ?" అంది. "విన్నానమ్మా" అన్నాను. "ఎన్నిసార్లు?" అంది. లెక్క చెప్పలేదు. టేపు అరిగిపోయి ఉంది, తనే తెలుసుకుంది.

2022 జులైలో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ టొరాంటోలో సరస్సు ఒడ్డున పాడుతుంటే, మన ఊరి ర్యాపర్ డ్రేక్ వేదిక ఎక్కి, తన పదమూడో ఏట ఒకమ్మాయితో నాట్యం చేసింది ఈ పాటకేనని చెప్పి, వాళ్ళతో కలిసి పాడాడు. ఎవరూ సీసాలు విసరలేదు. మా అమ్మాయి ఆ వీడియో నాకు పంపింది, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా.

ఇప్పుడు మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. కిందటేడు, అంటే 2025లో, "కేపాప్ డీమన్ హంటర్స్" బొమ్మల సినిమా వచ్చిన దగ్గర్నుంచి ఇంట్లో అవే పాటలు. దాని దర్శకుల్లో ఒకరు మ్యాగీ కాంగ్, మన టొరాంటోలో పెరిగిన కొరియా అమ్మాయి. మొన్న కారులో వెళుతుంటే మనవరాలు అదే పాట పదోసారి పెట్టమంది. మా అమ్మాయి స్టీరింగ్ పట్టుకుని, "అబ్బ, ఈ ఫ్యాక్టరీ పాటలు..." అని మొదలెట్టి, అద్దంలోంచి నా మొహం చూసి ఆగిపోయింది. మా మనవరాలు, "ఫ్యాక్టరీ అంటే ఏంటి తాతయ్యా?" అంది.

"ఏమీ లేదు తల్లీ, మీ అమ్మని కాస్త సౌండు పెంచమను" అన్నాను.