అనాసరసం తాగించే అయస్కాంతం

కొన్నిచోట్ల క్లోమానికి ఎమ్మారై తీసే ముందు గ్లాసుడు అనాసరసం తాగిస్తారు. మర్యాదకు కాదు. అనాసలో మాంగనీసు ఉంటుంది. అది బొమ్మలో పొట్టలోని నీటి మెరుపును ఆర్పేస్తుంది. ఆ మెరుపు అడ్డొస్తే వెనక నక్కిన క్లోమనాళం సరిగ్గా కనబడదు. ఆరోగ్యవంతుల్లో అది 3 మిల్లీమీటర్ల లోపే మరి.

ఎమ్మారై రాకముందు, 1968లో అమెరికాలో విలియం మెక్యూన్ అనే వైద్యుడి బృందం నోట్లోంచి గొట్టం దించి, ఆ నాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసింది. నాళం కనబడింది గానీ, కెలికినందుకు క్లోమమే వాచే ప్రమాదం ఈ పద్ధతిని ఇప్పటికీ వదల్లేదు.

1973లో పాల్ లాటర్‌బర్ అనే శాస్త్రవేత్త అచ్చువేసిన తొలి ఎమ్మారై చిత్రంలో ఉన్నవి సన్నటి గాజు గొట్టాల్లోని నీళ్లు, అంతే. 1991లో జర్మనీ వైద్యులు మన ఒంట్లోని పైత్యనాళాలను ఎమ్మారై యంత్రంతో చూపించారు. అదీ సన్న గొట్టాల్లో నీళ్లే! నిలిచిన నీరు తెల్లగా, చుట్టూ కండ నల్లగా. సూది లేదు, గొట్టం లేదు.

అయితే వీధిలో పైపు ఉన్నంత మాత్రాన కొళాయిలో నీళ్లొస్తున్నట్టా? క్లోమం పనిచేస్తోందో లేదో ఈ బొమ్మ చెప్పదు. దానికి అక్కరకొచ్చింది పాత సంగతి. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగుకు నరాలన్నీ తెంచి, లోపల ఆమ్లం పోశారు. అయినా క్లోమరసం ఊరింది. పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడకట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్లీ ఊరింది. కబురు మోసింది నరం కాదు, నెత్తురు. పేగు పొరలోంచి నెత్తుట్లో కలిసిన ఆ పదార్థమే సెక్రెటిన్. ‘హార్మోన్’ అన్న మాట తర్వాత 1905లో వచ్చింది.

1997లో బ్రస్సెల్స్‌లో మాటోస్ బృందం రోగికి సెక్రెటిన్ ఇచ్చి, వరసగా బొమ్మలు తీసింది. ఇప్పుడు అరనిమిషానికొకటి చొప్పున సుమారు పది నిమిషాలు తీస్తారు. మొదట నాళం కాస్త ఉబ్బుతుంది. కాసేపటికి తగ్గుతుంది. ఈలోగా కింద, అనాసరసం నల్లబరిచిన ఆంత్రమూలంలో తెల్లటి చార మొదలై, వంపు తిరిగి, పేగు మలుపు దాకా పాకుతుంది. దీర్ఘకాలం వాచి గట్టిపడిపోయిన క్లోమమైతే ఆ చార మొదట్లోనే ఆగిపోవచ్చు. పేగు ఎంతవరకు తెల్లబడిందో చూసి డాక్టరు మార్కులు వేస్తాడు.

కాకపోతే యంత్రం చూసేది నీళ్లనే. ఆ నీళ్లలో ఎంజైములు ఉన్నాయా అంటే, మలపరీక్ష చేయించుకోవాల్సిందే.