ఇంటివద్ద కారును జాకీతో లేపుట

మడికొండ మెట్టుగుట్ట రాయి ఎంత గట్టిదైనను, ఇంటి వాకిట కారు నిలుచునది తఱచుగా మన్నుమీదనే. వానకు నానిన చెలకనేలలో, అంతకంటె రేగడిలో, జాకీ అడుగు మెల్లగా దిగబడును. కావున దానిక్రింద మందమైన వెడల్పు చెక్క పరచవలెను.

చక్రపు నట్లను బండి నేలపై ఉండగనే కొంచెము వదులు చేయుదుము. హ్యాండ్ బ్రేకు చాల కార్లలో వెనుక చక్రములనే పట్టును. వెనుకభాగము లేచినపుడు అది నిరుపయోగమే. అందుచే నేలనున్న చక్రములకు ముందువెనుకల అడ్డులు పెట్టుదుము.

ఇక ముఖ్యమైన మాట. జాకీ ఎత్తుటకేగాని మోయుచుండుటకు కాదు. హైడ్రాలిక్ జాకీలో బరువు నిలుచునది నూనె ఒత్తిడిమీద. లోపలి వాషరు అరిగినచో నూనె జారును, బండి దిగును. మారుతి 800 వంటి చిన్నకారే సుమారు 650 కిలోలు. కావున కారు పుస్తకములో చూపిన తావుల ఇనుప స్టాండ్లు నిలిపి, బరువును వానిపైకి దింపి, బండిని త్రోసి చూచిన పిమ్మటనే చేయి క్రిందికి పోవలెను. ఇటుకలు పేర్చుట మాకు సమ్మతము కాదు; అవి ముందుగా చెప్పి పగులవు.

అణగియున్న స్ప్రింగును బిగించిపట్టు సాధనము లేనిదే షాక్ అబ్జార్బరు పైనట్టును ముట్టరాదు. రబ్బరు బుష్షుల బోల్టులను మాత్రము బండి తిరిగి చక్రములపై నిలిచిన తరువాతనే పూర్తిగా బిగింతుము. లేనిచో రబ్బరు మెలిపడి త్వరలో చినుగును.